అమ్మవారు ఇక్కడ లేదన్న అవ్వ

మా గంగమ్మ గుడి అవ్వ మొన్న మంగళవారం పొద్దున పోయింది. ఊళ్ళో పిల్లలకు తట్టు పోస్తే, తగ్గాక వేపాకు నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపేది ఆమే. నాకు చదువు తక్కువ, నలుగురిలో మాట్లాడలేను. అయినా ఆమె గురించి మీకు చెప్పాలనిపించింది.

వేపమండలు విరిచేటప్పుడు ఆమె చెట్టుతో మాట్లాడేది. చెట్టు ఏమందని ఒకసారి అడిగాను. "నీ మాదిరే, నోరు తెరిస్తే గదా!" అని నవ్వింది.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో మా తమ్ముడికి తట్టు పోసింది. తగ్గింది, అవ్వ నీళ్ళు పోసింది, వాడు లేచి సంగటి తిన్నాడు. ఆ తర్వాత మళ్ళీ జ్వరం. కళ్ళు తేలేసి ఏదేదో మాట్లాడసాగాడు. అమ్మవారు తిరిగొచ్చి పలుకుతోందనుకున్నారు ఇంట్లో. అమ్మవారు ఉన్న ఇంటికి వైద్యుణ్ణి పిలవరు. ఇరుగుపొరుగు కర్పూరం వెలిగించి, వాన ఎప్పుడొస్తుందని వాణ్ణి అడుగుతున్నారు.

అవ్వ వచ్చి వాడి మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. మెడ వంగలేదు.

"కర్పూరం ఆర్పండి. అమ్మ ఈడ లేదు."

"పలకతా ఉండాది గదవ్వా," అన్నాడు నాయన.

"నేను సాగనంపినాను. నా మాట తోసేసి మళ్ళా వస్తాదా? ఇది జొరం. చిత్తూరు ఆసుపత్రికి పదప్పా."

"అమ్మకు కోపమొస్తే?"

"నా మీదికి రానీ. నాకు తట్టు ఎప్పుడో పోసి పోయిందిలే."

బంగారుపాళ్యంలో, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుపుతున్న బస్సెక్కాం. మిట్ట దగ్గర అది ఆగిపోతే అందరం దిగి తోశాం. వాడి తల ఒళ్ళో పెట్టుకున్న అవ్వ మాత్రం దిగలేదు.

"నెత్తురులో ఉండేదంతా మెదడులోకి పోదప్పా, నడమ ఒక అడ్డు ఉండాది," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "తట్టు వచ్చినాక ఎవరో ఒక పిలకాయకు ఆ అడ్డు సడలతాది, మెదడు వాస్తాది. దీనికి మందు లేదు. ఒళ్ళు చల్లగా ఉంచి కనిపెట్టుకోవాల."

"ఆ అడ్డు మళ్ళా కుదురుకుంటాదా సామీ?"

"కుదురుకోవచ్చు."

"అయితే ఈడే కూసుంటా," అని అవ్వ తడిగుడ్డ పిండింది.

తమ్ముడు బతికాడు. అమ్మవారిని కాదందని ఊళ్ళో కొందరు అవ్వను పిలవడం మానేశారు. పిలిచిన ఇళ్ళలో మాత్రం ఆమె తప్పకుండా చెప్పేది: "నీళ్ళు పోసినాక మళ్ళా జొరమొస్తే నా కోసం రావద్దు. బస్సు కోసం పోండి."

ఆ జ్వరం వాడి కుడిచేతిలో పట్టు తీసుకుపోయింది. అవ్వను పూడ్చేటప్పుడు వాడు ఎడమచేత్తో మన్ను తీసుకుంటే, "ఆ చేత్తోనా రా?" అన్నాడొక పెద్దాయన. నాయన వాడి కుడిచేతిలో మన్ను పోసి, వేళ్ళు మూసి పట్టుకున్నాడు. గుంత దాకా చెయ్యి చాచేలోపే సగం మన్ను సందుల్లోంచి రాలిపోయింది. వాడు మళ్ళీ వంగాడు, ఎడమచేత్తోనే.