చివర మాట్లాడే మనిషి

పెనుకొండలోని ఆ స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో కుర్చీలు లేక కాదు. గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నెలవారీ మీటింగు రోజున మాత్రం అందరూ జంపఖానా మీద గుండ్రంగా కూర్చోవాలి, కూర్చున్న వరసలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి, పెద్ద తలకాయ చివర మాట్లాడాలి. ముందే మాట్లాడితే చిన్నవాళ్ళు జంకుతారని సంస్థ పెట్టిన రఘునాథ్ సారు ఏనాడో చేసిన నియమం. చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఆ గుండ్రాన్ని ఫోటో తీసుకుని వెళ్ళేవాళ్ళు. సమానత్వం ఫోటోలో బాగా పడుతుంది.

పడనిది ఒకటుంది. సారుకు ఎడమ పక్కన షహీన్ కూర్చునేది. మాటలు ఆమె దగ్గరే మొదలయ్యేవి. పొద్దున టీ తాగేటప్పుడు ఏ సంగతి వస్తే సారు గ్లాసు కింద పెట్టాడో, ఏ సంగతికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడో ఆమె చూసి ఉండేది. ఆయన మనసులో ఉన్నదాన్ని తన మాటగా ముందు చెప్పేసేది. షహీన్ అన్నదంటే సారుకు ఇష్టమేనని మిగిలినవాళ్ళు లెక్క కట్టుకునేవాళ్ళు. మాట గుండ్రమంతా తిరిగి తన దగ్గరికి వచ్చాక సారు, "మీరందరూ అనుకున్నదే నా నిర్ణయం కూడా" అనేవాడు. ఆ మాటను ఆయన నిజంగానే నమ్మేవాడు. షహీన్‌కు మాత్రం అసలు సంగతి తెలుసు. తెలిసినా ఏమీ అనిపించేది కాదు. అది ఉద్యోగంలో భాగం.

మాట్లాడకుండా ఉండడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటే. హిందూపురంలో వాళ్ళ నాయన ఖాదర్‌వలి పరుపులు కుట్టేవాడు. దూది ఏకుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ నోరు తెరిచేవాళ్ళు కాదు, తెరిస్తే నోట్లోకి దూది పోతుంది. ఇంటర్ అయ్యాక పెనుకొండలో వెల్డింగు షాపున్న జహీర్‌తో పెళ్ళయింది. పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక సంస్థలో చేరింది.

ఇన్నేళ్ళలో తనంతట తాను చేశానని ఆమె చెప్పుకోగలిగింది ఒక్కటే, ధర్మవరం పిల్లల కేంద్రం. అక్కడి మగ్గాల వీధుల్లో తల్లులు పట్టుదారం కండెలు చుడుతూ, పాకే పిల్లలు మగ్గం గుంతలో పడకుండా నడుముకు చీర పేలిక కట్టి స్తంభానికి ముడివేసేవాళ్ళు. ఆ వీధి నుంచే సంస్థలో చేరిన ఎస్తేరు, షహీన్ కలిసి ఇల్లిల్లూ తిరిగి ఆ ముళ్ళు విప్పించారు. ఒక గది తీసుకుని, పిల్లలను పగలంతా అక్కడ ఉంచారు. రఘునాథ్ సారుకు ఆ పని మీద పెద్ద ఆసక్తి లేదు. బహుశా అందుకే అది బాగా నడిచింది.

ఆమధ్య దాతల మాట మారింది. నాయకత్వం స్థానికుల చేతికి రావాలి, అందులోనూ ఆడవాళ్ళ చేతికి. సంస్థలన్నింటికీ ఆ ఏడు అదే జ్వరం. రఘునాథ్ సారు షహీన్‌ను డైరెక్టరు చేసి, శాలువా కప్పి, "ఇక చివర మాట్లాడాల్సింది నువ్వేనమ్మా" అని బెంగళూరు వెళ్ళిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. షహీన్ ఆ చేతులన్నిటినీ చూసింది. ఇదంతా ఇంకెవరికో జరుగుతున్నట్టుంది.

"ఇంగ ఇంట్లో గూడా గుండ్రంగా కూసోవాల్నా ఏంది?" అన్నాడు జహీర్ అన్నం దగ్గర.

"నువ్వు ముందు మాట్లాడు. నేను చివర్లో చెప్తా."

"పెండ్లయినప్పట్నుంచి అదే గదా నడుస్తాండేది."

బెంగళూరులో రెండు రోజులు నాయకత్వ శిక్షణ ఇచ్చారు. మంచి నాయకులు ముందు వింటారని చెప్పారు. ఆమె ఇన్నాళ్ళూ చేసింది అదే కాబట్టి నోట్సు రాసుకోలేదు. తనకు తానుగా మాత్రం ఒక నియమం పెట్టుకుంది: తను సారు ముఖం చదివినట్టు తన ముఖం ఎవరూ చదవకూడదు. టీ తన గదిలో ఒక్కతే తాగేది. మీటింగులో కనుబొమ అయినా కదిలించేది కాదు. అది న్యాయమనుకుంది. పాత కోడళ్ళు అత్తలయ్యాక ఇలాంటి న్యాయాలే కనిపెడతారు.

నిరుడు ఒక దాత తప్పుకున్నాడు. హిందూపురం కుట్టు శిక్షణ, పెనుకొండ మహిళా రైతుల సంఘాలు, ధర్మవరం పిల్లల కేంద్రం, ఈ మూడింటిలో ఒకటి మూయాలి. ధర్మవరంది మూయకూడదు. షహీన్‌కు ఖాయంగా తెలిసిన సంగతి అదొక్కటే. కానీ అది తను పెట్టింది, తను ముందుగా అనకూడదు. దాని విలువ తెలిసినవాళ్ళు ఆ జంపఖానా మీద చాలామందే ఉన్నారు, వాళ్ళే అంటారు. అంటే అది అందరి నిర్ణయమవుతుంది.

ఆమె పాత చోటులో ఇప్పుడు మహేష్ కూర్చుంటున్నాడు. ఊళ్ళు తిరిగే పని అతనిది. మాట అతని దగ్గర మొదలైంది.

"ధర్మవరంది మూసేద్దాం మేడం. ఆడ అంగన్‌వాడీ గూడా ఉండాది గదా."

"మహేషన్న చెప్పింది రైటే" అంది హిందూపురంలో కుట్టు నేర్పే సౌమ్య, తన కేంద్రం పేరు రానందుకు ఊపిరి పీల్చుకుంటూ. తర్వాతివాళ్ళు తలలూపారు. ఎస్తేరు వంతు వచ్చింది. ఆమె జంపఖానాలోంచి ఊడిన దారాన్ని లాగుతూ, "మేడం ఎట్ల చెప్తే అట్ల" అంది.

షహీన్ వంతు వచ్చింది. "మీరందరూ అనుకున్నదే" అంది. అన్నాక, ఈ మాట ఎవరిదో గుర్తుకొచ్చింది.

గది ఖాళీ చేసే రోజున ఆమె కూడా ధర్మవరం వెళ్ళింది. చాపలు, ఉయ్యాల, బొమ్మల బుట్ట ఆటోలోకి ఎక్కాయి. ఎస్తేరు తాళం వేసింది.

"మీటింగులో నువ్వొక మాట అనింటే బాగుండు కదా ఎస్తేరూ."

"మీరే అంటారనుకున్యా మేడం."

"నేను చివర కదా."

"అదే. చివర మాట మీదే కదా అనుకున్యా." ఒకప్పుడు తనను అక్కా అని పిలిచిన మనిషి. తాళంచెవి షహీన్ చేతిలో పెట్టి ఇంటికి పోయింది.

తిరుగు బస్సులో పక్క సీట్లో, సామాను ఎక్కించడానికి వచ్చిన మహేష్ ఉన్నాడు.

"మహేషూ, ధర్మవరందే ఎందుకు చెప్పినావు?"

"మీకు అదే ఇష్టమేమో అనుకున్యా మేడం."

"నేనేమన్నా అన్నానా?"

"అనలే. అందుకే. మీరు పెట్టింది మీరే మూసుకుంటే, చూడప్పా, సొంతమని వెనకేసుకుని రాలేదు అని పేరొస్తాది గదా. అట్ల అనుకుంటాండారేమో అని. సారుదైతే మొగం చూస్తే తెల్సిపోతాండె. మీ మొగంలో ఏమీ కనపడదు. మేం ఏం జెయ్యాల?"

"నా సంగతి కాదు. నీకేమనిపించె?"

"నాకా?" అతను నిజంగానే ఆలోచించాడు. ఆ ప్రశ్న ఇదివరకు ఎవరూ అతన్ని అడగలేదు. "మా అక్క కొడుకు ఆడ్నే ఉంటాండె మేడం."

"మరి?"

"మరేముంది. ముందు అనేస్తి గదా, అందరూ సరే అనేసిరి. ఇంగ నేనెట్ల తిరుక్కుంటా?"

అంటే, ఎవరికీ అక్కర్లేని పనిని అందరూ కలిసి ఏకగ్రీవంగా చేశారు. షహీన్ కిటికీ బయటికి చూసింది. వేరుశనగ చేలు పోతున్నాయి. ఏడుపు రావాలేమో అనుకుని కాసేపు చూసింది, రాలేదు.

తర్వాతి మీటింగులో ఆమె నియమం తప్పి ముందుగా మాట్లాడింది. "ధర్మవరం మూసింది తప్పు. మళ్ళీ తెరుద్దాం. డబ్బుకు దారి వెతుకుదాం."

"తెరవాల్సిందే మేడం" అన్నాడు మహేష్ వెంటనే. "అంగన్‌వాడీ ఉంటే మాత్రం? యాడ సరిపోతాది?"

సౌమ్య అవునంది. మిగిలినవాళ్ళు పోయినసారి ఊపిన తలలనే మళ్ళీ ఊపారు. ఇన్నేళ్ళకు షహీన్‌కు అర్థమైంది, మాట ముందు వచ్చినా వెనక వచ్చినా ఇక్కడ తేడా లేదు. మాట ఎస్తేరు దగ్గరకు చేరింది.

"వద్దక్కా" అంది ఎస్తేరు.

మహేష్ గబుక్కున షహీన్ ముఖం చూశాడు. అందరూ చూశారు.

"ఎందుకు వద్దు?" అని అడిగింది షహీన్.

"తల్లులే చూసుకుంటాండారు. యశోదమ్మ ఇంటి ముందర పందిరేసినాం. పూటకొకరు కండెలు పక్కన బెట్టి పిల్లోళ్ళ కాడ కూసుంటారు. దినామూ కొట్లాటే. నీ బిడ్డ నా బిడ్డను గిచ్చె అని ఒకామె, నిన్న నువ్వు రాలే అని ఇంగొకామె. నా మాట గూడా ఇనరు. కానీ వాళ్ళది వాళ్ళు మాట్లాడుకుంటాండారు. మనం పోతే ఏమంటారో చెప్పనా? మేడం ఎట్ల చెప్తే అట్ల అంటారు. నేను గూడా అన్న్యా గదా, నాకు తెల్సు."

"మరి నువ్వు?"

"నేనాడ్నే ఉంటా. ఈడ మానుకుంటాండా."

ఆ గుండ్రంలో ఒకరు చెప్పింది కాదని ఇంకొకరు అనడం అదే మొదటిసారి. అన్న మనిషి వెళ్ళిపోతోంది. సంస్థ చరిత్రలో ఇది పెద్ద రోజని షహీన్‌కు తెలుస్తోంది, ఎవరో చెబితే తెలిసినట్టు. "ఎస్తేరు వద్దంటాంది. దీని మీద ఇంకెవరైనా ఏమన్నా అంటారా?" అని అడిగింది. ఎవరూ అనలేదు. "అయితే తెరవం" అంది. ఇది అందరి నిర్ణయమని మాత్రం అనలేదు. తర్వాతి విషయం హిందూపురం కుట్టుమిషన్ల రిపేరు.

వేసవిలో ఏదో పని మీద ధర్మవరం వెళ్ళినప్పుడు ఆమె ఆ వీధిలోంచి నడిచింది. పందిరి దూరం నుంచే వినిపించింది.

"నీ మొగుడు మగ్గం మీంచి చీర కోసేది ఉండాదని చెప్పి మూడుదినాలు ఎగ్గొడితివి. మా ఇంట్లో మగ్గం ఉట్టిగా ఉందా?"

"నోరు చూడు, రేషను షాపులో గూడా ఇంతే."

"ఈమె చెప్పొచ్చె."

ఎస్తేరు నవ్వు కూడా వినపడింది. షహీన్ పందిరి రాట పక్కన ఆగింది. ఒక పిల్ల పాకుతూ వచ్చి ఆమె చెప్పును పట్టుకుంది. నడుముకు ఏ పేలికా లేదు. యశోదమ్మ తల తిప్పి చూసి, చటుక్కున పైట సర్దుకుని లేచి నిలబడింది. మిగిలినవాళ్ళూ చూశారు. అరుపులు ఆగిపోయాయి.

"రాండి మేడం, కూసోండి. ఒసేయ్, కుర్చీ తేపోండే" అంది యశోదమ్మ. "చెప్పండి మేడం."

షహీన్ చెప్పును పిల్ల చేతిలోంచి మెల్లగా విడిపించుకుంది. "ఏంలేదమ్మా. ఈ దోవన పోతాంటి" అంది. ఎస్తేరు ఆమెను చూసి తల ఊపింది, కూర్చోమని మాత్రం అనలేదు.

షహీన్ వీధి మలుపు దాటింది. వెనక ఇంకా మాటలు లేవు. మరికాస్త నడిచాక ఎవరో ఒకామె మళ్ళీ మొదలుపెట్టింది, ఇంకొకామె అందుకుంది. ఆమె ఆగకుండా బస్టాండు వైపు నడిచింది.