కవల విమానం

మా ఆయన ఫిజిక్స్ మాస్టారుగా రిటైరయ్యాక ప్లాస్టిక్ ముక్కలతో బొమ్మ విమానాలు అతికించడం మొదలుపెట్టారు. గుంటూరు ఎండల్లో ఫ్యాన్ ఆపేసి, ఇల్లంతా జిగురు వాసన నింపుతుంటే ఊరుకున్నాను. కడుపుతో ఉన్న అమ్మాయి పుట్టింటికి వచ్చాక, బల్ల మీద రెండు విమానాలు ఒకే రెక్కకు అతుక్కుని కనబడితే మాత్రం ఒళ్ళు మండింది.

మా ఇళ్ళలో కడుపుతో ఉన్న పిల్లకు జంట అరటిపండు పెట్టం, కవలలు పుడతారని. మా చెల్లెలికి కవలలు పుట్టి ఒక బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి జంటగా ఏది కనబడినా నాకు గుబులే.

పైగా తండ్రీకూతుళ్ళు గుసగుసలాడుతూ, నేను వెళ్తే మాట మారుస్తున్నారు. నా మోకాళ్ళ నొప్పులు సాకుగా చూపి స్కానింగ్‌కి వాళ్ళిద్దరే వెళ్ళొచ్చారు. ఏదో దాస్తున్నారు. విమానాన్ని తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టేశాను.

"నా విమానం ఏదే?" అంటూ ఆయన వచ్చారు.

"ముందు అదేంటో చెప్పండి. రెండు విమానాలు ఎవరైనా అంటిస్తారా?"

"అంటించింది కాదే, అసలు విమానాన్నే అట్లా కట్టారు. ట్విన్ మస్టాంగ్, అమెరికా వాళ్ళ యుద్ధవిమానం. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్లకు కాపలాగా సముద్రం మీద గంటల తరబడి పోవాలి, ఒక్కడైతే అలిసిపోతాడని ఇద్దరు పైలట్లు. మొదట అసలు లేవనే లేదు. ప్రొపెల్లర్లు తిరిగే దిక్కు మారిస్తే ఎగిరింది. తీరా అది సిద్ధమయ్యేసరికి యుద్ధం అయిపోయింది. తర్వాత కొరియాలో పోరాడింది. జెట్‌లు వచ్చాక మూలపడింది."

"అది సరే. ఇప్పుడే ఎందుకు కట్టారు?"

ఆయన గుమ్మంలో నిలబడ్డ కూతురి వంక చూశారు.

"అమ్మా, ఇద్దరమ్మా," అంది అమ్మాయి. "నువ్వు హడలిపోతావని, ఎట్లా చెప్పాలో తెలీక నాన్న ఇది కట్టారు."

డాక్టరమ్మ ఇద్దరూ బాగున్నారందట. అయినా భయం పోలేదు. నా భయానికి జడిసి పిల్ల ఇన్నాళ్ళూ తన సంతోషాన్ని దాచుకుందని తెలిసి, అమ్మాయిని పట్టుకుని ఏడ్చాను.

తర్వాత విమానం తెచ్చి ఆయన ముందు పెట్టాను. "పిల్లలు పుట్టాక ఒక సీటు మీది. నేను అలిసిపోతే మీరు ఎత్తుకోవాలి."

"ఎడమ సీటు నీదేలే. అసలు పైలట్ అక్కడే," అన్నారాయన.

దాన్ని అమ్మాయి గదిలోనే పెట్టాను. దిష్టి తగలకుండా రెండు ముక్కుల మీదా చెరొక కాటుక చుక్క పెట్టాను.