కాగులో అమ్మ వంతు

మా చిన్నప్పుడు డిసెంబరు పొద్దుల్లో, పెరట్లోంచి వచ్చే రంపప్పొట్టు పొగ వాసనకే మెలకువ వచ్చేది... నాన్న అప్పటికే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతూ ఉండేవారు.

బెజవాడలో చలేమిటి అని నవ్వకండి. ఎండలు చూసి మా ఊరికి అందరూ మండే ఊరని పేరు పెట్టేశారు గానీ, మా ఇల్లు ఆటోనగర్ వెనక, కాలువకి దగ్గర్లో ఉండేది. పొద్దున్నే మంచుకి పక్కింటి గోడ కూడా కనిపించేది కాదు. ఇంటి మొత్తానికి ఒకే ఒక్క స్వెట్టరు... అన్నయ్యకి పొట్టిదయ్యాక నాకొచ్చింది. మిగతావాళ్ళకి దుప్పట్లు, తలకి తువ్వాళ్ళు.

నాన్న లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. అక్కడ రాలిన పొట్టుని గోతాంలో కుక్కి సైకిలు మీద తెచ్చేవారు. పాత డబ్బాలో మధ్యన సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా దట్టించి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే పొయ్యి తయారు. ఆ లాగేటప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడకూడదు... పొట్టు కూలిందంటే పని మళ్ళీ మొదటికి. దాని మీద రాగి కాగు. ఇంటిల్లిపాదికీ వేడినీళ్ళంటే అందులో కాగినవే.

ఆ కాగుకి మా నాయనమ్మ పెట్టిన చట్టం ఒకటుండేది. ఎన్ని చెంబుల వేడినీళ్ళు తీసుకుంటే అన్ని చెంబుల చన్నీళ్ళు అందులో పోయాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒకరి తర్వాత ఒకరు తీస్తూ, పోస్తూ పోతే... ముందు పోసుకున్నవాళ్ళకి ఒళ్ళు చుర్రుమనేది, చివరివాళ్ళకి జిల్లుమనేది. వరస ఎప్పుడూ మారలేదు. నాయనమ్మ, పనికెళ్ళే నాన్న, బడికెళ్ళే అన్నయ్య, నేను... పనులన్నీ తెమిలాక అమ్మ.

"మీరు కానివ్వండి, నాకేం తొందర" అనేది. రోజూ అదే మాట.

ఒక ఏడు మా గుడిలో, అంటే చర్చిలో, క్రిస్మస్ పొద్దుటి ఆరాధనకి అమ్మని ఒక్కదాన్నే పాట పాడమన్నారు పాస్టరు గారు. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ క్వయర్‌లో వెనక వరసలో నిలబడ్డ మనిషి... ఒంటరిగా పాడమనడం అదే మొదలు. ఎంత సంతోషపడిందో. కూర తరుగుతూ పాడేది, బట్టలు ఆరేస్తూ పాడేది. తీరా పండగ దగ్గరపడేసరికి గొంతు పట్టేసింది. మిరియాల కషాయం తాగింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది... మాట కూడా సరిగ్గా రాలేదు. పండగ ముందురోజు సాయంత్రం "ఇంకెవరితోనైనా పాడించుకోమని చెప్పండి" అని నాన్నతో అంది. మొహం గోడవైపు పెట్టుకుని మరీ అంది.

అది విని నాయనమ్మ నన్నూ అన్నయ్యనీ అరుగు మీదకి పిలిచింది.

"గొంతు పట్టక ఏమవుద్ది? ఇంత మంచులో రోజూ చన్నీళ్ళే పోసుకుంటంది మీ అమ్మ. రేపు మనమెవరం కాగు ముట్టుకోవద్దు."

"అమ్మనే ముందు పోసుకోమందాం నాయనమ్మా" అన్నాను.

"చెప్తే వింటదా? ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా విన్నదా?"

పొద్దున్నే అమ్మ వంటింట్లో ఉండగా మేమంతా, నాన్నతో సహా, పెరట్లో తొట్టి నీళ్ళు పోసుకున్నాం. బోరింగు కొట్టుకుంటే కాస్త గోరువెచ్చటి నీళ్ళు వచ్చేవి గానీ, ఆ కిర్రు చప్పుడు అమ్మకి వినబడిపోతుంది. తొట్టి నీళ్ళేమో రాత్రంతా మంచులో ఉన్నవాయె... మొదటి చెంబుకే నాకు ఊపిరాగినంత పనైంది. అరుపు బయటికి రాకుండా తువ్వాలు పళ్ళతో కరిచి పట్టుకున్నాను. నాయనమ్మని వద్దని ఎంత చెప్పినా వినలేదు. "చట్టం పెట్టింది నేనేగా" అంటూ తనూ కుమ్మరించుకుంది.

అమ్మ చివర్న వచ్చింది. కాగు మూత తీసి, అలవాటుగా చెయ్యి పెట్టబోయి చప్పున వెనక్కి తీసుకుంది. నీళ్ళు సలసల కాగుతున్నాయి.

"ఏమండీ, ఇవాళ ఎవరూ స్నానాలు చెయ్యలేదా?"

"అందరివీ అయినయ్. నువ్వు కానియ్, గుడికి టైమవుతుంది" అన్నారు నాన్న, పొయ్యి వైపే చూస్తూ.

అమ్మ మా వైపు తిరిగింది. అన్నయ్య పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాయనమ్మ దుప్పటి కప్పుకుని, రెండు చేతులూ పొయ్యి మీదకి చాపి వణుకుతోంది. అమ్మకి అర్థమైపోయింది. బకెట్టు నింపుకుని స్నానాల తడికె చాటుకి వెళ్ళిపోయింది.

లోపల్నుంచి చెంబు చప్పుడు... తడికె సందుల్లోంచి ఆవిరి... ఆ ఆవిరితో పాటే సన్నగా పాట. మొదట బొంగురుగా, తర్వాత కొద్దికొద్దిగా తేటపడుతూ. నాన్న పొయ్యి ఎగదోయడం ఆపి వింటూ ఉండిపోయారు.

పాస్టరు గారికి నాన్న ఆ కబురు చెప్పనేలేదు... గుడిలో అమ్మే పాడింది. పైకెళ్ళేచోట ఒకసారి గొంతు జీరపోయింది... ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకుని చివరిదాకా పాడింది. నా పక్కన నాయనమ్మ ఒకటే తుమ్ములు, ఒకటే కళ్ళు తుడుచుకోవడం. పండగంతా ఇంటిల్లిపాదికీ జలుబే. అయినా అంత మంచి క్రిస్మస్ మళ్ళీ రాలేదు నాకు.

ఇకనుంచి ముందు కోడలే పోసుకోవాలని నాయనమ్మ కొత్త చట్టం పెట్టింది గానీ, అది ఎన్నాళ్ళో నిలవలేదు. అమ్మ మెల్లగా మళ్ళీ చివరికి జారుకుంది. దాంతో నాన్న తనే ఒక బకెట్టు ముందుగా తీసి, మూతపెట్టి, పొయ్యి పక్కన దాచడం మొదలుపెట్టారు. దానికి బదులు చన్నీళ్ళు పోసినా, పోయకపోయినా నాయనమ్మ చూడనట్టే ఉండేది.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాట్‌లో గీజరుంది. కుళాయి తిప్పితే చాలు... తీసినంత పోయక్కర్లేదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. చలి పొద్దున వేడినీళ్ళు వీపు మీద పడ్డప్పుడల్లా, అన్నేళ్ళూ నా వంతు వెచ్చగా ఉంచినందుకు ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఇవాళ పొద్దున కూడా తువ్వాలు భుజాన వేసుకుని, బాత్రూం తలుపు దగ్గర నిలబడి అడిగింది... "అందరివీ అయినయ్యా?"

మీ ఇంట్లో చివర్న నీళ్ళు పోసుకున్నది ఎవరండీ...?