పగలు పిలిస్తే వచ్చేవాళ్ళు

పోయినవి ముందు లెక్కపెడతాను. కారు తలుపులు కోసే హైడ్రాలిక్ కట్టరు ఒకటి. నొక్కుకుపోయిన ఇనుమును విడదీసే స్ప్రెడరు ఒకటి. బరువులు ఎత్తే గాలి సంచులు ఆరు. తాళ్ళు రెండు పెట్టెలు. జనరేటరు, దీపాల స్తంభం. ఎత్తిన బండి కింద పేర్చడానికి మేమే కోసి, చివర్లకు రంగు వేసుకున్న చెక్క దిమ్మెలు తొంభై ఆరు. వీటన్నిటినీ మోసే హెవీ రెస్క్యూ ట్రక్కు ఒకటి. అన్నీ పక్క ఊరికి పోయాయి. మా స్టేషన్లో నేలమీది నూనె మరక మాత్రం మాకు వదిలేశారు.

న్యూజెర్సీలోని మా ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ జీతం లేదు. పేజరు మోగితే చేతిలో పని వదిలి పరిగెత్తే వాలంటీర్లే అంతా. నాది ఇండియన్ గ్రోసరీ షాపు. చదివింది పదో తరగతి. లెక్కలు గల్లాపెట్టె దగ్గర కూర్చుని నేర్చుకున్నవే. ఒకరోజు షాపు ముందు నలిగిపోయిన కారులోంచి ఒక పెద్దాయన్ని ఈ ట్రక్కువాళ్ళు ఒళ్ళు కదలకుండా బయటికి తీయడం చూశాను. మరుసటి వారం వెళ్ళి చేరాను. సామాను చూసుకునే పని నాకిచ్చారు.

సామానుకు ఎప్పుడూ లోటు రాలేదు. ఆదివారాలు పాన్‌కేకులు అమ్మి కొన్నాం, గ్రాంట్లు తెచ్చాం. లోటల్లా మనుషులకే, అదీ పగటిపూట. అందరూ పొద్దున్నే రైలెక్కి ఉద్యోగాలకు పోతారు. పగలు మిగిలేది రిటైరైన మా కెప్టెనూ, కౌంటరు మా ఆవిడకు వదిలి పరిగెత్తగల నేనూ. శిక్షణ పూర్తయినవాళ్ళు పగలు ఆరుగురు ఉండాలని, వేసవి చివరికల్లా చూపించకపోతే ట్రక్కు పక్క ఊరికి ఇచ్చేస్తామని టౌన్‌షిప్ వాళ్ళు తేల్చేశారు.

అప్పుడు నేనొక లెక్క వేశాను. పగలు ఈ ఊళ్ళో ఎవరి కార్లు ఇంటి ముందే ఉంటున్నాయి? మనవాళ్ళవి. సగంమందికి వర్క్ ఫ్రమ్ హోమ్. షాపుకొచ్చిన ప్రతివాళ్ళనూ అడిగాను. తెలుగు సంఘం డిన్నర్లో ప్లేటు పక్కన పెట్టి మరీ అడిగాను. తొమ్మిదిమంది చేరారు. కెప్టెన్ నా వీపు తట్టి, నీ షాపులో మనుషులు కూడా దొరుకుతారని ఇన్నాళ్ళూ చెప్పలేదేమని నవ్వాడు.

ట్రైనింగ్ ఆఫీసరు ఆసుపత్రిలో నర్సు. సెలవురోజు మానుకుని శనివారాలు మాకు నేర్పేది. గాలి సంచితో కారును అంగుళం లేపితే, వెంటనే కింద అంగుళం మందం చెక్క పేర్చాలి. సంచి జారినా బండి చెక్కల మీద నిలుస్తుంది. ఇంతకు మించి సూత్రం లేదు.

ఒక శనివారం, ఈ తొమ్మిదిమందిలో ముందుండే సాఫ్ట్‌వేర్ మేనేజర్ని పిలిచి, పోయిన వారం చేసిందే ఇవాళ నువ్వు నడిపించు అంది. అతను సంచిలోకి గాలి వదిలాడు. పాత కారు లేచింది. లేస్తూనే ఉంది. కింద ఒక్క చెక్క లేదు. ఆఫీసరు ఆపమనేలోపు కారు ఒరిగి, కింద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మ మీద పడింది. బొమ్మ ఛాతీ అణిగిపోయింది.

పోయిన వారం నీకు ఎవరు నేర్పారని ఆమె అడిగింది.

"పోయిన వారం నేను రాలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. నా సంతకం ఇతను పెట్టాడు" అన్నాడు, పక్కవాడి భుజం మీద చెయ్యేసి, నవ్వుతూ. దాచాలనే ఆలోచనే లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాక్సీ వేసినట్టే వేశారు. ఇంకెవరని ఆమె అడిగితే ఇంకో నలుగురు చేతులెత్తారు, అదేదో మంచి పనైనట్టు.

ఆ మేనేజరు బయట పార్కింగ్ లాట్‌లో నన్ను పట్టుకున్నాడు. "అన్నా, సంతకాలకి ఇంత గొడవేంటి? మీరైనా చెప్పండి ఆవిడకి. ఒకళ్ళం నేర్చుకుంటే మిగతావాళ్ళకి చెప్పుకుంటాం కదా. ఆఫీసులో నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అలాగేగా చేస్తాం."

"కారు కింద మీ అబ్బాయి ఉన్నాడనుకో. నేర్చుకున్నవాడు మీటింగ్‌లో ఉన్నాడనుకో. అప్పుడేం ట్రాన్స్‌ఫర్ చేస్తావ్?"

"మీరు మరీ ఎమోషనల్ అవుతున్నారన్నా."

అవుతాను. ఇప్పటికీ అవుతున్నాను.

ఎవరు నిజంగా వచ్చారో, ఎవరి పేరు మాత్రమే వచ్చిందో తేల్చలేమని తొమ్మిదిమంది శిక్షణ గంటలూ లెక్కలోంచి కొట్టేశారు. అందులో మా వీధి చివరి ఇంటావిడ కూడా ఉంది. ఇద్దరు పిల్లల్ని పక్కింట్లో దింపి, ఒక్క శనివారం కూడా తప్పకుండా వచ్చిన మనిషి. ఆమె గంటలూ పోయాయి. ఇంకో నెల గడువివ్వమని నేనూ కెప్టెనూ టౌన్‌షిప్ మీటింగ్‌లో నిలబడి అడిగాం. గడువంటే గడువే అన్నారు. ఫుట్‌బాల్ మైదానం దీపాల కాంట్రాక్టరుకు మూడుసార్లు గడువు పెంచింది ఈ మనుషులే. ఆ మాట అక్కడే అన్నాను. మైకు కట్ చేశారు.

ట్రక్కు వెళ్ళిపోయిన నెలకు సంఘం సావనీర్ వచ్చింది. అందులో మావాళ్ళ ఫొటో, హెల్మెట్లతో. కింద 'సేవా తత్పరులు' అని. ఆ కాపీలు నా షాపులో పెట్టమని పంపారు. తిప్పి పంపాను.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం, డెలివరీ వ్యాను నడిపే కుర్రాడొకడు ప్రమాదంలో డాష్‌బోర్డు కింద కాలు ఇరుక్కుని ఉండిపోయాడు. కెప్టెనూ నేనూ మూడు నిమిషాల్లో చేరాం, చేతుల్లో గునపాలతో. ఆయన కుర్రాడి తల కదలకుండా పట్టుకున్నాడు, నేను మాటలు చెబుతూ కూర్చున్నాను. మా ట్రక్కు పక్క ఊరి నుంచి రావడానికి ఇంకో పధ్నాలుగు నిమిషాలు పట్టింది. కాలు తీసేశారు. ముందే వస్తే నిలిచేదా అంటే డాక్టర్లే చెప్పలేమన్నారు, తెలియనిది నేనూ కూడికలో వెయ్యను. పధ్నాలుగు నిమిషాలు మాత్రం నిజం.

ట్రక్కు తిరిగి కావాలంటే షరతు అదే, పగలు ఆరుగురు. వీధి చివరి ఇంటావిడ కౌంటీ ఫైర్ అకాడమీకి వెళ్ళి అంతా మళ్ళీ మొదటి నుంచి చేసింది. "చేస్తాను అన్నయ్యా, కానీ వాళ్ళతో కలిసి మాత్రం కాదు" అంది. చేసింది. మిగతావాళ్ళు షాపుకొస్తారు, బెండకాయలు విరిచి చూసుకుంటారు, ట్రక్కు సంగతేమైందన్నా అని నన్నే అడుగుతారు. వాళ్ళ కార్లు పగలంతా ఇంటి ముందే ఉంటాయి.

కావలసింది ఆరుగురు. కెప్టెను, నేను, ఆవిడ. ఈ ఊరికి ఇంకా బాకీ ముగ్గురు.