వేలికి తెలియని ట్రిగ్గర్

ఎల్డన్ రీమర్ తన రైఫిల్‌కి కొత్త పిడీ, కొత్త ట్రిగ్గరూ కావాలని మా తుపాకుల కొట్టుకి వచ్చినప్పుడు నేను నమ్మలేదు. చొక్కా చిరిగితే అతుకు వేయించుకునే రకమే గాని కొత్తది కొనే రకం కాదు ఆ మనిషి. ఆ రైఫిల్‌ని మా నాన్న బతికున్న రోజుల్లో విడి భాగాలుగా కొనుక్కుని, తన వంటింటి బల్ల మీద తనే బిగించుకున్నాడు. మామూలు పిడి, మామూలు ట్రిగ్గర్. మార్చుకోమని క్లబ్బులో కుర్రాళ్లు చెవినిల్లు కట్టుకుని పోరినా, గురి తప్పితే అది తన తప్పే గాని ఇనుము తప్పు కాదనేవాడు. అలాంటివాడు మార్చిలో, రోడ్ల మీద మంచు ఇంకా బురదగా ఉండగానే వచ్చి, రైఫిల్‌ని కౌంటర్ మీద రబ్బరు చాపపై పడుకోబెట్టి, "నీ దగ్గరున్నవన్నీ బయటికి తియ్యి, పిల్లా," అన్నాడు.

నాకు యాభై దాటి చాలా కాలమైంది. ఈ ఊళ్లో నన్ను పిల్లా అనే మనిషి ఇతనొక్కడే మిగిలాడు. ఇంకెవరైనా అంటే ఊరుకోను. ఈ ఆర్డిత్ నోరు మంచిది కాదని అల్లెఘేనీ నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా అందరికీ తెలుసు.

ఎల్డన్ సంగతి చెప్పాలి. గాజు ఫ్యాక్టరీ మూసేసేదాకా అందులోనే పనిచేశాడు. ఆ తర్వాత స్కూలు బస్సు నడిపాడు. మార్నాని పెళ్లాడాడు, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేశాడు. శుక్రవారం ఫైర్‌స్టేషన్ హాల్లో చేపల భోజనం, శనివారం క్లబ్బులో రైఫిల్ మ్యాచ్, ఆదివారం చర్చి. ఎప్పుడూ మొదటి బహుమతి కొట్టింది లేదు. కానీ అతను కాల్పుల లైను మీద పడుకుని ఉంటే పక్కవాడికి ధైర్యం. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ తుపాకీ ఎలా పట్టుకోవాలో కాదు, ఎలా కింద పెట్టాలో ముందు నేర్పేవాడు. రెండేళ్ల కిందట పేగులో కేన్సర్ అన్నారు. కోసి తీసేసి, నెలల తరబడి మందు ఎక్కించారు. తగ్గిపోయింది. ఊరు ఊరంతా గిన్నెల్లో నూడుల్స్, క్యాబేజీ వేయించి పట్టుకెళ్లి ఇచ్చి, గండం గడిచిందని సంబరపడి, ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయాం.

సరే, పిడుల పెట్టె దించాను. మెత్తటి రబ్బరువి, వేళ్లకి గాడులున్నవి, గరుకు కాగితంలా గీసుకునేవి, వాల్‌నట్ చెక్కవి. అతను ఒక్కొక్కటే పట్టుకుంటున్నాడు. పట్టుకుని, పిడి వంక కాకుండా తన చెయ్యి వంక చూసుకుంటున్నాడు. ఏది బాగుందంటే ఏదైనా బాగానే ఉందంటాడు. రెండోసారి అడిగితే ఏదో ఒకటి ఇవ్వమంటాడు. నాకు ఒళ్లు మండింది. ముసలాయనా, నా ప్రాణం తోడటానికి వచ్చావా అని కసిరి, కళ్లు మూసుకుని పట్టుకోమన్నాను. మేం అందరికీ చెప్పే మాటే అది, నచ్చిన పిడి ఏదో చేతికే తెలుస్తుందని. కళ్లు మూసుకున్నాడు. అన్నిటికంటే గరుకైనది చేతిలో పెట్టాను. అది తీసి, నున్నటి చెక్కది పెట్టాను.

"ఇది ఇందాకటిదే కదా," అన్నాడు.

అతనే కళ్లు తెరిచి చెక్క పిడిని చూసుకున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. మందు ఎక్కించినప్పటి నుంచీ వేళ్లు మొద్దుబారిపోయాయని, ఉన్నాయి గాని లేవని, కరెంటు బిల్లు చదివినట్టు చెప్పాడు. గుండీలు మార్నా పెడుతుందట. స్పర్శ తిరిగి రావచ్చు అన్నాడట డాక్టరు, ఏడాదిలోగా రాకపోతే ఇక రాకపోవచ్చు అని కూడా అన్నాడట. ఏడాది దాటిపోయిందట.

మరి ఇప్పుడు తుపాకీతో పనేమిటి, ఇంట్లో కూర్చోవచ్చు కదా అన్నాను. మాట నోరు దాటాక నాకే సిగ్గేసింది. అతనేం నొచ్చుకోలేదు.

"అందరూ బాగయ్యావు, బాగయ్యావు అంటున్నారు, ఆర్డిత్. నాకేమీ అనిపించట్లేదు. వేళ్లకే కాదు. తిండి తింటున్నాను, రుచి లేదు. మనవరాలు పుడితే ఎత్తుకున్నాను, ఏమీ లేదు. మార్నా ఏడుస్తుంటే పక్కన కూర్చుని టీవీ చూశాను. ఏప్రిల్ మ్యాచ్‌లో లైను మీద పడుకుంటాను. అక్కడ కూడా ఏమీ అనిపించకపోతే, ఇక తెలిసిపోతుంది."

ఏం తెలిసిపోతుందో నేను అడగలేదు. తను ఇంకా బతికున్నట్టో కాదో అనే, అడక్కుండానే అర్థమైంది. ఈ మనిషిని ఎలాగైనా సరే లైను మీద పడుకోబెట్టాలని ఆ క్షణానే అనుకున్నాను.

మా కొట్టులో సలహాలకి కొదవ లేదు. ట్రాయ్ అని ఒకడున్నాడు, క్లబ్బు కార్యదర్శి, కాఫీ కోసం వచ్చి మధ్యాహ్నం దాకా కదలడు. వేళ్లకి బలం తగ్గిందని ఎల్డన్ అనగానే అందుకున్నాడు. తేలిక ట్రిగ్గర్ వేయించుకోమన్నాడు, ఊపిరి తగిలితే చాలు పేలేటంత తేలికది, తన వేట తుపాకీకి వేయించుకున్నాక పదేళ్లు చిన్నవాడినైపోయానన్నాడు. పదేళ్లు తగ్గింది నీకు బుర్రలోనేమో అన్నాను. మా మ్యాచ్‌లో లైను మీదికి పోయే ముందు ప్రతి ట్రిగ్గర్‌కీ బరువు వేలాడదీసి చూస్తారు. ఆ బరువు మోసి తుపాకీ ఊరుకుంటే సరే, టక్కుమంటే ఇంటికే. ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా అసలు బెడద అది కాదు. వేలికి తెలియనివాడికి తేలిక ట్రిగ్గర్ ఇస్తే, తాకానని తెలిసేలోపే తూటా వెళ్లిపోతుంది. అతనికి కావలసింది బరువైనది.

ట్రాయ్ పోయాక ఎల్డన్ చేత ఖాళీ తుపాకీతో నొక్కించి చూశాను. రెండు మెట్లున్న ట్రిగ్గర్ ఒకటి బిగించాను. మొదట కొంచెం వదులుగా జరిగి, ఒక గోడకి ఆనినట్టు ఆగి, ఇంకాస్త నొక్కితే పడుతుంది. ఆ గోడ తెలియడానికే జనం అంత పోసి కొనుక్కుంటారు. ఎల్డన్ నొక్కాడు. లోపల సుత్తి టక్కున పడింది.

"పడిందా?" అన్నాడు.

చెవికి వినిపించిందే గాని వేలికి తెలియలేదు. మ్యాచ్‌లో చెవులకి మూతలుంటాయి.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఈ మనిషి వేలి మీదే నా ధ్యాస. పళ్లెంలో ఉన్న ట్రిగ్గర్లన్నీ బిగించాం, విప్పాం. వంపువి, తిన్ననివి, సన్ననివి, వెడల్పువి. మార్నా వాకిట్లో ట్రక్కులో కూర్చుని ఊలు అల్లుకునేది, లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. తుపాకుల వాసన పడదంది. ఆయన కొట్టుకని బయల్దేరిన రోజున తనే బూట్లు వెతుక్కుంటున్నాడని మాత్రం ఒకసారి నాతో చెప్పింది.

ఒకరోజు అతని వేళ్లని ఒక్కొక్క కణుపే గోటితో గిల్లుకుంటూ పోయాను. కొసన లేదు. మొదటి కణుపు దగ్గర లేదు. చూపుడువేలు రెండో కణుపు దగ్గర ఆగమన్నాడు. అక్కడ కొద్దిగా ఉందన్నాడు. అంతే, దారి దొరికింది. వేలి కొసతో నొక్కాలని అందరికీ నేర్పుతాం, ఇతను రెండో కణుపుతో నొక్కాలి. అందుకు చెయ్యి పిడి చుట్టూ ఇంకా లోపలికి పోవాలి. అందుకని లావు పిడులన్నీ పక్కన పడేసి, పెట్టెలో అన్నిటికంటే సన్నటిది, ఆడవాళ్లు అడిగే పిడి బిగించాను. దానికి వెడల్పాటి, బరువైన ట్రిగ్గర్. చూడటానికి బండగా ఉంది. ట్రాయ్ చూసి ట్రాక్టర్ పెడల్‌లా ఉందని నవ్వాడు.

ఎల్డన్ మోచేతులు కౌంటర్ మీద ఆనించి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు.

"ఉంది," అన్నాడు. "గోడ అవతల ఎవరో తలుపు వేసినట్టు. కానీ ఉంది."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అతను మాత్రం మొహంలో ఏమీ లేకుండానే ఇంకా నొక్కుతూ కూర్చున్నాడు.

ఏప్రిల్ మ్యాచ్ రోజు గాలి లేదు. షెడ్డులో కాఫీ కాగింది, రొట్టెల మధ్య పల్చటి హ్యామ్ పెట్టి ఇచ్చారు. లైను మీద అతని పక్క చాప నాది. మొదటి విడత అయ్యాక అతని వైపు తిరిగాను. చెంప ఇంకా రైఫిల్‌కి ఆనించే ఉంది. చెవుల మూత ఎత్తి నాతో మెల్లగా, తుపాకీ తన్నడం భుజానికి తెలిసిందని, వేలికి కూడా తెలిసిందని చెప్పాడు. కళ్లు తడిగా ఉన్నాయి. ఏడాదిన్నరలో ఆ మొహాన మనిషిని చూడటం అదే మొదలు. సంతోషంతో నా విడత నేను చెడగొట్టుకున్నాను.

రెండో విడత మధ్యలో ఉండగా జింక ఒకటి అడవిలోంచి వచ్చి, తీరిగ్గా గురి బోర్డుల ముందు నుంచి నడవసాగింది. ఆ రోజు లైను నడుపుతున్నది ట్రాయ్. ఈల వేసి ఆపేశాడు. ఎలాగూ ఆగాం, గురి కాగితాలు మార్చేద్దాం అన్నాడు. అంటే అందరం బోర్డుల దగ్గరికి, తుపాకుల ముందుకి నడవాలి. అందుకు మాకో పద్ధతి ఉంది. మిగతా క్లబ్బుల్లో తుపాకీలో తూటా కూర్చునే గదిలో, ఖాళీ అని గుర్తుగా పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్క దూరుస్తారు. మా దగ్గర ముందు నుంచీ చిటికెనవేలే. తూటాల మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, లోపల ఉన్న తూటా బయట పడ్డాక, గదిలో చిటికెనవేలు పెట్టి తడిమి, చెయ్యెత్తి "ఖాళీ" అనాలి. ఎప్పుడో ఒకసారి తూటాని లాగే కొక్కెం జారి, అది లోపలే ఉండిపోతుంది. కన్ను మోసపోయినా వేలు మోసపోదని ఆ పద్ధతి. ఖాళీ అని చెయ్యెత్తి, ఆ మాట అబద్ధమైతే ఆ మనిషి మళ్లీ ఆ లైను మీద పడుకోవడం లేదు. కావాలని చేసినా, పొరపాటైనా. ఆ నియమం మీద ఎల్డన్ స్వయంగా ఇద్దర్ని ఇంటికి పంపాడు.

వరసగా చేతులు లేచాయి. ఎల్డన్ చిటికెనవేలు పెట్టి తిప్పాడు, చెయ్యెత్తాడు, ఖాళీ అన్నాడు. నేనూ అన్నాను. అందరూ లేచారు, బోర్డుల వైపు నడక మొదలుపెట్టారు. నేను లేస్తూ అతని రైఫిల్ మీదుగా చూశాను. గదిలో ఇత్తడి మెరిసింది.

తూటా లోపలే ఉంది. పిడి గురించి, ట్రిగ్గర్ గురించి నెల రోజులు తలలు బద్దలు కొట్టుకున్నాం. చిటికెనవేలు ఇద్దరికీ తట్టలేదు.

ఎవరూ చూడలేదు. నేను మోకాళ్ల మీద వంగి గది మీద అరచెయ్యి వేశాను. తూటాని గోటితో పెరికి జేబులో వేసుకోవడం క్షణం పని. వేసుకునేదాన్నే. ఇందాకటి అతని మొహం ఇంకా నా కళ్లలోనే ఉంది.

"ఏంటది?" అన్నాడు ఎల్డన్.

చెయ్యి తియ్యక తప్పలేదు. అతను చూశాడు. చూస్తూ, మళ్లీ చిటికెనవేలు లోపల పెట్టాడు. వేలు తూటా మీద ఆని ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

"తగలట్లేదు," అన్నాడు.

తీసేస్తానన్నాను. ఎవరికీ తెలియదన్నాను, బతిమాలాను. నేను మనుషుల్ని బతిమాలే దాన్ని కాదు. అతను నన్ను పక్కకి జరపలేదు, తిట్టలేదు. లేచి నిలబడి, చెయ్యెత్తి, బోర్డుల వైపు సగం దూరం పోయినవాళ్లకి వినపడేలా అరిచాడు.

"ఆగండి! లైను ఖాళీ కాదు. నాది కాదు."

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ట్రాయ్ పరిగెత్తుకుంటూ వచ్చి గదిలోకి చూశాడు, నా వంక చూశాడు. కొక్కెం అరిగిందని, అది తుపాకీ తప్పేనని, ఈసారికి వదిలేద్దామని గొణిగాడు.

"కొక్కెం జారుతుందనే కదా వేలు పెట్టేది," అన్నాడు ఎల్డన్.

తూటాని ట్రాయ్ చేతే తీయించాడు. చాప చుట్టుకున్నాడు. తుపాకీ నేను మోసుకుంటూ వెనక నడిచాను. ట్రక్కులో మార్నా అల్లిక ఆపి మా ఇద్దర్నీ చూసి, ఆయనకి తలుపు తీసింది. అతను ఎక్కి కూర్చున్నాడు. ఏదైనా మాట్లాడు ముసలాయనా అన్నాను.

"ఇప్పుడు ఏడవాలి కదా నేను," అన్నాడు, నన్నే అడుగుతున్నట్టు. "ఇందాక వచ్చింది. ఇప్పుడు ఎక్కడుందో తెలియట్లేదు."

రైఫిల్‌ని ట్రక్కులో పెట్టబోతే వద్దన్నాడు. కొట్టుకి పట్టుకుపోయి అమ్మెయ్యమన్నాడు.

"ఆ పిడీ ట్రిగ్గరూ తీసేసి అమ్ము, పిల్లా. వేళ్లున్నవాడికి అవి పనికిరావు."

మార్నా వంగి అతని సీటు బెల్టు పెట్టింది. ట్రక్కు కంకర రోడ్డు దిగి వెళ్లిపోయింది. నేను కొట్టుకి వచ్చి, తలుపు గడియ వేసి, ఆ రైఫిల్‌ని రబ్బరు చాప మీద పెట్టుకుని ఏడ్చాను. అతని వంతు కూడా నేనే ఏడ్చాను.