రేపల్లె బండిలో విభూది

ఇది రాయడమెందుకులే అనుకున్నాను గానీ, మనసు ఊరుకోవడం లేదు. ఈ రోజు మాకు విభూది బుధవారం. తెనాలిలో పొద్దుటి పూజలో ఫాదర్ గారు నా నుదుట బూడిదతో సిలువ గీసి, "నువ్వు మట్టివి, మట్టిలోనే కలుస్తావు" అన్నారు. నిరుడు మట్టల ఆదివారం నాడు పట్టుకున్న ఈతాకులు కాల్చిన బూడిద అది. నా వయసువాడికి ఆ మాట వేరే చెప్పాలా!

రేపల్లె బండి ఎక్కేసరికి చెమటకి సిలువ చెదిరి ఉత్త విభూది మరక మిగిలింది. ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ, ఆవిడ ఒళ్లో జ్వరంతో మూలుగుతున్న మనవరాలు.

"అన్నయ్యగారూ, శివాలయం నుంచేనా? మా పిల్లకి కాస్త విభూది పెట్టండి. మందులకి జ్వరం దిగట్లేదు."

"ఇది చర్చిలో పెట్టిందమ్మా. మేం ఆర్సీఎం వాళ్లం."

"అయితే ఏంటండీ? మీ దేవుడు మా పిల్లని ముట్టుకోడా ఏంటి?"

ఇన్నేళ్లుగా ప్రసంగాలు వింటున్నాను, దైవప్రేమ గురించి ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు. నా నుదురు వేలితో తుడిచి పాప నుదుట రాశాను. చావును గుర్తుచేసే బూడిదను బతకాలని పెట్టడం తప్పో ఒప్పో, తెలిసినవాళ్లు కింద రాయండి. ఫాదర్ గారిని అడిగే ధైర్యం నాకు లేదు.

వేమూరు దాటాక పాప కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది.