వత్తులు రాలిన పాట

“సారూ, గీ పాటకు పండ్లూడినయ్” అంది ఆ పెద్దావిడ. నేను నవ్వలేదు. ఆమె పరిశీలన సరైనదే.

సిద్దిపేట బస్టాండు వెనక ఆమె కోడలికి పెండ్లి పత్రికలు అచ్చువేసే దుకాణం ఉంది. డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే నేను ప్రశ్నపత్రాల టైపింగు కోసం అక్కడికి వెళ్తుంటాను. చాలా ఏళ్ల కిందట, గిరాకీ లేని వేళల్లో, కోహెడ పొలాల్లో తాను పాడుకున్న నాట్ల పాటలను అత్త పాడుతుంటే కోడలు టైపు చేసేదట. అది నల్ల తెర కంప్యూటర్ల కాలం. ఇప్పుడు అత్తకు పాట నడుమ మాట జారిపోతోంది. పాడుతూ పాడుతూ ఆగి గోడకేసి చూస్తుంది. పూర్తిగా మరవకముందే ఆ పాటలు ఆమెకు చదివి వినిపించాలని కోడలి పట్టుదల. ఫైళ్లు మిగిలాయి గానీ వాటిని తెరిచే తెలుగు ప్రోగ్రాం ఉన్న డిస్కు చెడిపోయింది. ఆ ప్రోగ్రాం రాసినాయన దగ్గర సోర్సు కోడ్ మాత్రం దొరికింది.

సోర్సు మనిషి రాసింది. దాన్ని యంత్రం నడపగల ప్రోగ్రాంగా మార్చేది కంపైలర్. నాటి కంపైలర్ నాకెక్కడా దొరకలేదు. అయితే పాత ఆపరేటింగ్ సిస్టంల మీద మమకారం చావని కొందరు, ఎక్కడెక్కడి వాళ్లో కలిసి, అందరికీ తెరిచి ఉంచిన ఒక కంపైలర్‌ను ఇంకా సాకుతున్నారు. పాత కోడ్ ఉన్నదున్నట్టు పనిచేస్తుందని ఇంటర్నెట్‌లోని వాళ్ల చర్చావేదికలో రాసుకున్నారు. ‘ఉన్నదున్నట్టు’ అన్న మాటను ఎవరు చెప్పినా నేను పరీక్షించందే నమ్మను.

ప్రోగ్రాం తయారైంది, పాట తెరుచుకుంది. కోడలు చదవబోయి ‘అవ’ దగ్గర తడబడింది.

“అవ ఎవరే? మా అవ్వను సగం జేసినవ్” అంది అత్త.

“నేనేం చేయలే అత్తమ్మా, సారు మిషన్ జేసింది.”

“సారు ఇంట్ల అక్కను అక అంటడా?”

వత్తు ఉన్న ప్రతి మాటా అలాగే, వత్తు రాలిపోయి వచ్చింది. పాటకు పండ్లూడాయని ఆమె అన్నది అప్పుడే.

వేదికలో అడిగాను. ఫాంటు చెడిందని ఒకరు తేల్చేశారు. ఫాంటులోని వత్తులను విడిగా గీయించి చూస్తే అన్నీ ఉన్నాయి. ఆ వాదన నిలవలేదు. తర్వాత, కనిపిస్తున్న గుర్తులనూ మాయమైనవాటినీ ఫాంటు పట్టికలో వాటికున్న సంఖ్యలతో పక్కపక్కన పెట్టాను. అక్షరాలు, గుణింతాలు పట్టిక మొదటి సగంలో ఉన్నాయి, వత్తులు రెండో సగంలో. సగం దాటినవన్నీ పోయాయి, దాటనిది ఒక్కటీ పోలేదు. ఇది రాయగానే మరొకాయన ఒక ప్రశ్న వేశాడు: కొత్త కంపైలర్ ఆ పెద్ద సంఖ్యలను ఋణసంఖ్యలుగా చదువుతోందేమో చూశారా? సున్నాకు దిగువన వెతికితే ఏ వత్తు దొరుకుతుంది? ఇంకేదీ ముట్టుకోకుండా, ఆ సంఖ్యలను ఋణంగా చదవొద్దని కంపైలర్‌కిచ్చే ఆదేశం ఒక్కటే మార్చి మళ్లీ తయారుచేశాను. వత్తులు వచ్చాయి.

“అయిపాయె గద సారూ, ఇగ చదువుత” అంది కోడలు.

“ఆగమ్మా.”

కంటికి బాగున్నదల్లా సరైనది కాదు. కోడలి దగ్గర ఒక పాత పెండ్లి పత్రిక ఉంది. దాని ఫైలూ ఉంది, నాడు అచ్చైన కాగితమూ ఉంది. ఫైలును కొత్తగా అచ్చు తీసి, పాత కాగితం మీద పెట్టి, వెలుతురుకు పట్టాను. అంచు నుంచి అంచు దాకా చూశాను.

“పిల్లను జూసుడు గూడ గింత సేపు గాదు” అని అత్త విసుక్కుంది.

అక్షరం మీద అక్షరం కూర్చుంది. అప్పుడు చదవమన్నాను.

రెండో చరణంలో అత్త అందుకుంది. కోడలు చదవడం ఆపి వింది. నేను పాటను అచ్చు తీసిన కాగితం మీద వేలు కదుపుతూ పోయాను. ఒకచోట కాగితంలో ‘తెల్లగువ్వ’ ఉంది. ఆమె ‘తెల్లగవ్వ’ అని పాడింది.

“గువ్వ, అత్తమ్మా. అప్పుడు నువ్వే పాడినవ్.”

“నేను గవ్వనే పాడిన. నువ్వే గువ్వ అని కొట్టినవ్.”

ఆ కొమ్మును కూడా పరీక్షించాను. అది పట్టిక మొదటి సగంలోది, ఎక్కడా తప్పిపోలేదు, లేనిచోట వచ్చి చేరనూ లేదు. తప్పు ప్రోగ్రాందైతే కాదు. అత్తాకోడళ్లలో ఎవరిదో తేల్చే పరీక్ష నా దగ్గర లేదు. అత్తకు జ్ఞాపకం తిరిగొచ్చిందనీ అనను. ఒక్క పాటతో అది తేలదు. మిగతా ఫైళ్లన్నీ తెరవాల్సిందే.

కోడలు ‘గువ్వ’ పక్కన ‘గవ్వ’ కూడా టైపు చేసి చదివి వినిపించింది.

“నాది ముందట వెట్టు” అంది అత్త.